సెలైన్ సూది, దాని కట్టు – ఒక చిన్న చరిత్ర

సొసైటీ సెక్రటరీ సాబ్ ఈ యేడు కూడా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, "మాస్టర్ సాబ్, మన సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం కావాలె, ఆలస్యం చెయ్యొద్దు" అని హుకుం జారీ చేసి వెళ్ళారు. నిజాంసాగర్ గురించో, ఇందూరు ఖిల్లా గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. అవి పెద్ద విషయాలు, రాసేవారు చాలామంది ఉన్నారు. నేను ఈసారి చాలా చిన్న వస్తువు చరిత్ర ఎత్తుకున్నాను. దవాఖానాలో రోగి చేతికి సెలైన్ పెట్టినాక, ఆ సూది ఊడిపోకుండా వేసే కట్టు గురించి. పాఠకులు నవ్వవచ్చు. కాని మన సొసైటీ సభ్యులలో రోగి మంచం పక్కన స్టూలు మీద ఒక్క రాత్రయినా కూర్చోనివారు ఎవరున్నారు? వారికి ఈ సంగతి చిన్నదిగా కనపడదని నా నమ్మకం.

ఈ వ్యాసానికి మూలం మా ఇంట్లో ఉన్నది. 1990 వానాకాలంలో బోధన్‌లో మా చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దానికి అప్పుడు మూడేండ్లు, నాకు తొమ్మిది. సాయంత్రానికి కండ్లు లోపలికి పోయినయి, ఏడిస్తే కన్నీరు రాలేదు. అబ్బా దానిని దుప్పట్లో చుట్టి బస్సులో నిజామాబాద్ తీసుకువెళ్ళారు. వెంట అమ్మీ, నేను. అక్కడ ఒక దవాఖానాలో చేర్చుకున్నారు. నరం దొరకక నాలుగుసార్లు పొడిచి, ఐదోసారి మణికట్టు దగ్గర ఇనుప సూది ఎక్కించారు. చేతి కింద ఒక అట్టముక్క పెట్టి, గాజుగుడ్డ చుట్టి, పైన ప్లాస్టరు వేశారు. అబ్బా మందులకు బయటికి పోయారు. అమ్మీ రెండు రాత్రుల నుంచి నిద్ర లేని మనిషి. "నువ్వు చెయ్యి పట్టుకుని కూచో బేటా, కదపనియ్యకు" అని నాకు డ్యూటీ అప్పగించింది. నేను పట్టుకుని కూర్చున్నాను. "హాత్ నక్కో హిలావ్, హాత్ నక్కో హిలావ్" అని చెల్లెలికి చెబుతూనే ఉన్నాను. ఎప్పుడు నిద్రపోయానో నాకు తెలియదు.

తెల్లవారి చూస్తే చెయ్యి మోచేతి దాకా బూరెలాగ పొంగి ఉన్నది. చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి. నీరంతా నరంలోకి పోక కండలోకి పోయింది. ఆ బాటిల్లో ఏయే మందులు కలిపారో మాకెవరికీ తెలియదు. చర్మం బొబ్బలెక్కి, నల్లబడి, ఊడి, మానడానికి రెండు నెలలు పట్టింది. పిల్ల బతికింది, అల్లా దయ. మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది. దానికి సంబంధాలు చూసేటప్పుడు రెండు చోట్ల ఆ మచ్చ ఏమిటని అడిగారు. మా ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టమయింది.

ఇక చరిత్రకు వస్తాను.

నెత్తురు శరీరంలో తిరుగుతుందనే సంగతి తెలియనిదే నరంలోకి మందు ఎక్కించాలన్న ఆలోచన రాదు. గుండె కుడి భాగం నుంచి నెత్తురు ఊపిరితిత్తుల గుండా ఎడమ భాగానికి వస్తుందని 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్-నఫీస్ రాశారు. ఈయన డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేసిన హకీం. ఒళ్ళంతా తిరిగే ప్రసరణ గురించి ఇంగ్లండు డాక్టరు విలియం హార్వే 1628లో పుస్తకం అచ్చువేశారు. ఆ తరువాత 1656లో క్రిస్టఫర్ రెన్ అనే ఆయన ఒక కుక్క నరంలోకి పక్షి ఈక గొట్టం దూర్చి, జంతువు మూత్రకోశాన్ని తిత్తిగా కట్టి, సారాయి వంటి ద్రవాలు ఎక్కించి చూశారు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన ఇంజనీరు ఈయనే. అది తమాషాగానే మిగిలిపోయింది. మనుషులకు అక్కరకు వచ్చే పని జరగడానికి కలరా రావలసి వచ్చింది.

1831 చివర్లో కలరా ఇంగ్లండు చేరింది. అది పోయింది మన దేశం నుంచే, గంగా ముఖద్వారం నుంచి బయలుదేరిన రోగమది. ఐర్లండులో లిమరిక్ ఊరివాడైన విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే 22 ఏండ్ల డాక్టరు రోగుల నెత్తురు పరీక్ష చేసి, ఇందులో నీరూ ఉప్పూ తగ్గిపోయాయి, వాటిని తిరిగి నరంలోకే ఇవ్వాలి అని రాశాడు. అప్పటి పెద్ద డాక్టర్లు కలరా రోగికి నెత్తురు తీయించేవారు! ఎండిపోతున్న బావిలో నుంచి ఇంకా నీరు తోడినట్టు.

ఆ కుర్రవాడి మాట చదివి పని చేసి చూపినవాడు థామస్ లాట్టా. స్కాట్లండులో ఎడిన్‌బరో పక్కన లీథ్ అనే రేవు పట్నంలో డాక్టరు. 1832 మే నెలలో, ఇక ఆశ లేదని వదిలేసిన ఒక ముసలావిడ చేతి నరంలోకి గొట్టం పెట్టి ఉప్పునీరు ఎక్కించాడు. మొదట ఏమీ కనపడలేదు. తరువాత గుంటలు పడ్డ కండ్లు పైకి వచ్చాయి, చల్లబడ్డ చేతులు వెచ్చబడ్డాయి, నాడి దొరికింది. అరగంటలో ఆరు పైంట్లు, అంటే మూడు లీటర్లకు పైనే, పోసేసరికి ఆవిడ గట్టిగా మాట్లాడి హాస్యాలు కూడా ఆడింది, కాస్త నిద్రపోతే చాలునన్నది. లాట్టా అలసిపోయి ఉన్నాడు. ఆవిడను దవాఖానా డాక్టరుకు అప్పగించి వెళ్ళాడు. ఆయన పోయిన కాసేపటికే వాంతులు, విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ నీరు ఎక్కించినవారు లేరు. ఐదున్నర గంటల్లో ఆవిడ చనిపోయింది. ఈ సంగతి లాట్టా దాచుకోలేదు, తానే పత్రికకు రాశాడు. చరిత్రలో మొట్టమొదటి సెలైన్ పేషంటు పక్కన కూడా చివరికి చూసుకునే మనిషి లేకపోయాడన్నమాట. నేను ఈ పేరా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లాట్టా మరుసటి యేడే, 1833లో, చనిపోయాడు. ఆయన పద్ధతి కూడా చాలా ఏండ్లు మూలన పడింది. నీరు మరగబెట్టాలని, సూక్ష్మజీవులని అప్పటికి తెలియదు, బతికినవారు కొందరైతే చీము పట్టి పోయినవారు కొందరు. ఓషానెస్సీ మాత్రం అదే 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తాకు వచ్చాడు. వచ్చి సెలైన్ మాట ఎత్తలేదు. మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పాడు, గంజాయి మీద పరిశోధన చేశాడు, ఆఖరికి దేశమంతటా టెలిగ్రాఫు తీగలు వేయించాడు. మన తాతలు 'తార్' అని భయపడిన వస్తువు ఆయన చేతి పనే. ఒక్క మనిషికి ఎన్ని పనులో! మళ్ళీ కలకత్తాలోనే, 20వ శతాబ్దం మొదట్లో, సర్ లియోనార్డ్ రోజర్స్ ఉప్పు పాలు ఎక్కువగా ఉన్న నీటిని కలరా రోగుల నరాల్లోకి ఎక్కించి చావులను సుమారు సగానికి తగ్గించాడు. మన దేశంలో సెలైన్ నిలదొక్కుకున్నది అప్పటి నుంచి.

మన జిల్లాలో సూది మందుకు పేరు తెచ్చింది డిచ్‌పల్లి. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగుల కోసం 1915లో అక్కడ దవాఖానా పెట్టారు. ఖర్చుకు ముందుకు వచ్చింది రాజా నర్సాగౌడ్ అనే దాత. పెట్టింది క్రైస్తవులు, సొమ్ము హిందూ దాతది, రాజ్యం నిజాముది, రోగులు అన్ని మతాలవారు. చాల్‌మూగ్రా నూనెను సూదితో కండలోకి ఇచ్చేవారు. ఆ నొప్పిని లెక్క చేయకుండా దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. అది కండ సూది, నరం సూది కాదు. కండ సూది గుచ్చి తీసేస్తే పని అయిపోతుంది. నరం సూది గంటల తరబడి, రోజుల తరబడి నిలవాలి. చిక్కంతా అక్కడే.

చిక్కు ఏమిటో వివరిస్తాను. మా పిల్లలకు తరగతిలో చెప్పినట్టే చెబుతాను, పెద్దలు మన్నించాలి. నరం అనేది మెత్తని సన్నని గొట్టం. అందులో పదునైన ఇనుప సూది పెట్టాము. రోగి మణికట్టు వంచాడంటే నరం వంగుతుంది, సూది వంగదు. దాని మొన రెండో వైపు గోడను చీల్చి బయటికి వస్తుంది. పైనుంచి చూస్తే ప్లాస్టరు ప్లాస్టరుగానే ఉంటుంది, స్టాండు మీద బాటిల్ బాటిల్‌గానే ఉంటుంది, చుక్క పడుతూనే ఉంటుంది. లోపల మాత్రం చెయ్యి చెరువవుతుంది. అందుకే వెనుకటి నర్సులు చెక్కబద్ద పెట్టి మోచేయి నుంచి వేళ్ళ దాకా చేతిని కట్టేసేవారు. పిల్లలకు మందుల డబ్బా అట్టముక్క. అది నాటు పద్ధతే గాని, సూది వంగనప్పుడు చేతినే వంగనియ్యకూడదన్న లెక్క సరైన లెక్కే. మరీ బిగించి కడితే వేళ్ళు నీలమవుతాయి, వదులుగా కడితే బద్ద జారుతుంది. నర్సు చేతి వాటం మీద రోగి అదృష్టం ఆధారపడేది.

ఇక్కడ ఒక చిన్న మాట. మన బోధన్ ప్రాంతంలో సెలైన్ అనేవారు తక్కువ, "గుల్కోజ్ ఎక్కించిండ్రు" అనేవారే ఎక్కువ. నిజాంసాగర్ నీళ్ళు 1931లో వచ్చాయి, చెరుకు వచ్చింది, శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆ ప్రాజెక్టు కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు మన పిల్లలకు తెలియాలి. చక్కెర వాసనలో పుట్టి పెరిగిన మాకు చిన్నప్పుడు ఒక నమ్మకం ఉండేది, మన ఫ్యాక్టరీ చక్కెరనే కరిగించి బాటిళ్ళలో పోస్తారని. అది నిజం కాదు. చెరుకు చక్కెరను నేరుగా నెత్తురులోకి ఎక్కిస్తే శరీరం దానిని వాడుకోలేదు, మూత్రంలో పోతుంది. బాటిల్లో ఉండే డెక్స్‌ట్రోజ్‌ను ఎక్కువగా మక్కల పిండి పదార్థం నుంచి తీస్తారు. మక్కలు కూడా మన జిల్లా పంటే కాబట్టి మన గర్వానికి పెద్ద నష్టం లేదు. ఫ్యాక్టరీ సంగతి అందరికీ తెలిసిందే. 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. మా వీధిలో ఆ సైరన్ విని గడియారం సరిచేసుకున్న ముసలివారు కొందరు ఇంకా ఉన్నారు.

ఇనుప సూది చిక్కును విప్పినవాడు డేవిడ్ మాస్సా. అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో ఉన్న మేయో క్లినిక్‌లో మత్తుమందు డాక్టరుగా శిక్షణ పొందుతున్న యువకుడు. 1950లో ఆయన సూది మీద ఒక ప్లాస్టిక్ తొడుగు వేశాడు. సూదితో గుచ్చి, తొడుగు నరంలోకి పోయాక, సూదిని వెనక్కి లాగేస్తారు. లోపల మెత్తని గొట్టం మాత్రం మిగులుతుంది. నరం వంగితే అదీ వంగుతుంది. ఇంతే! ఒక్క లాగుడుతో 100 ఏండ్ల బద్దలూ కట్లూ సగం అవసరం లేకుండా పోయినాయి. ఈ రోజు మన నర్సమ్మలు 'వెన్‌ఫ్లాన్' అనీ 'కాన్యులా' అనీ పిలిచేది దాని సంతానమే. రంగును బట్టి సైజు తెలుస్తుంది. ఆపచ్చ లావుది, గులాబీ దానికంటే సన్నం, నీలం ఇంకా సన్నం, పిల్లలకు పసుపు, పురిటి బిడ్డలకు ఊదా. 1990లో మా చెల్లెలికి పెట్టింది మాత్రం రెక్కల ఇనుప సూదే. ప్రపంచంలో ఒక వస్తువు పుట్టడానికీ, మన ఊరికి చేరడానికీ మధ్య 40 ఏండ్లు కూడా పట్టవచ్చునని దీనివలన గ్రహించాలి.

గొట్టం మెత్తనయింది గాని, ఊడిపోవడం ఆగలేదు. రోగి పక్క తిరుగుతాడు, ట్యూబు మంచం ఊచకు చిక్కుతుంది. బాత్‌రూముకు పోతూ స్టాండును మరిచిపోతాడు. పిల్లలయితే పీకేస్తారు. ఎవరైనా సరే, ఎరుగని వస్తువు చేతికి అంటుకుంటే పీకాలనే చూస్తారు. జ్వరంలో సోయి తప్పిన పెద్దవారూ అంతే. జింక్ ఆక్సైడ్ ప్లాస్టరు 19వ శతాబ్దం చివర్లో వచ్చింది, అదే చాలాకాలం దిక్కు. కాని దాని కింద ఏమి జరుగుతున్నదో కనపడదు. 1980ల నుంచి గాజులాగ అవతలికి కనపడే సన్నని పొర పట్టీలు వాడుకలోకి వచ్చాయి. సూది చోటు ఎర్రబడినా, పొంగినా విప్పకుండానే తెలుస్తుంది. నా దృష్టిలో కాన్యులా తరువాత అంత గొప్ప వస్తువు ఇదే, ఎందుకంటే ఇది చూడడానికి వీలిచ్చింది. తరువాత అమెరికాలో స్టీవెన్ బియర్‌మన్ అనే డాక్టరు 'స్టాట్‌లాక్' అనే దానిని చేశాడు. చర్మానికి అంటుకునే చిన్న మెత్త, దాని మీద ప్లాస్టిక్ తాళం, ట్యూబు అందులో బిగుసుకుంటుంది. పెద్ద నరాల గొట్టాలను అంతకుముందు దారంతో చర్మానికి కుట్టేవారు. ఆ కుట్టు బాధ చాలామందికి తప్పింది.

అయితే నన్ను ఎక్కువ ఆకర్షించినది ఒక తల్లీకూతుళ్ళ కథ. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో లీసా వల్లీనో అనే నర్సు పిల్లలకు వైద్యం చేసేచోట పనిచేసేది. అక్కడి నర్సులు ఏమి చేసేవారో తెలుసా? ప్లాస్టిక్ కప్పును కత్తెరతో సగానికి కోసి, సూది మీద బోర్లించి, ప్లాస్టరు వేసేవారు. మన అట్టముక్కకు వారి కప్పు అక్కాచెల్లెండ్ల వరుస! కోసిన అంచులు పిల్లల చర్మానికి గీరుకునేవి. లీసా తన తల్లి బెట్టీ రోజియర్‌తో కలిసి, అంచులు నున్నగా, గాలి ఆడేటట్టు, లోపల కనపడేటట్టు ఒక చిన్న ప్లాస్టిక్ గూడు తయారు చేసింది. చూడటానికి కంప్యూటర్ మౌస్ ఆకారం. 'ఐ.వి. హౌస్' అని పేరు పెట్టారు, అంటే సెలైన్ సూదికి ఇల్లు అన్నమాట. 1990ల తొలి సంవత్సరాలలో పేటెంటు తీసుకుని కంపెనీ పెట్టారు. సరిగ్గా మా చెల్లెలు అట్టముక్కతో పడుకున్న ఆ రోజుల్లోనే.

ఇన్ని వస్తువులు వచ్చాయి గదా, సమస్య తీరిందా అంటే, లేదు. పరిశోధకులు లెక్క తీస్తే, పెట్టిన కాన్యులాలలో మూడింట ఒకటికి పైగా, కొన్నిచోట్ల సగం దాకా, వైద్యం పూర్తికాక ముందే పనికిరాకుండా పోతున్నాయి. 2018లో ఆస్ట్రేలియా డాక్టర్లు, నర్సులు సుమారు 1,700 మంది రోగుల మీద నాలుగు రకాల కట్లు పోల్చి చూశారు. సాదా పొర పట్టీ, అంచున్న పట్టీ, తాళం మెత్త, చర్మానికి వేసే బంక. దేనికీ స్పష్టమైన ఆధిక్యం కనపడలేదు, అన్నిటిలోనూ పదింట దాదాపు నాలుగు చెడిపోయాయి. ఖరీదయిన కట్టు కొనలేకపోయామని బాధపడే పేద తండ్రికి ఈ లెక్క చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఖరీదును బట్టి కాదు, ఎంత తరచుగా కట్టు చూస్తున్నారన్న దానిని బట్టి తేడా వస్తుంది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ చరిత్ర ముగియదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్ దగ్గర శరణార్థుల శిబిరంలో కలరా పడింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ దగ్గర సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి, ఎక్కించే మనుషులూ లేరు. ఆయన ఉప్పు, సోడా, గ్లూకోజ్ పొడి కలిపి డ్రమ్ముల నీటిలో పోసి, గ్లాసులతో తాగించమని తల్లులకు, అన్నలకు, చుట్టాలకు అప్పగించాడు. అంతకుముందు నూటికి ఇరవై, ముప్పై మంది పోతున్న చోట చావులు నాలుగు కంటే తక్కువకు దిగినాయి. ఆ ద్రావకమే తరువాత ఓఆర్ఎస్ ప్యాకెట్టుగా ప్రపంచమంతా పోయింది. డాక్టరు 2022లో చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. తాగడానికైతే మన చెరుకు చక్కెర నిక్షేపంగా పనికి వస్తుంది, పేగు దానిని విడగొట్టుకుంటుంది. 1990లో మా ఇంట్లో చక్కెర డబ్బా నిండుగా ఉన్నది. ఫ్యాక్టరీ పక్క ఊరు గదా. విరేచనాల పిల్లకు నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఎవరో చెబితే, పొద్దుటి నుంచి చుక్క తాగనివ్వలేదు. మొదటి విరేచనానికే తాగించి ఉంటే ఆ బస్సు ప్రయాణం, ఆ సూది ఉండేవో లేవో.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు నిజామాబాద్‌లో స్టాఫ్ నర్సు. ఈ వ్యాసం కోసం ఆమెను కలిసి, కూర్చునేవారు ఏమి చూడాలమ్మా అని అడిగాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. కట్టు పైన చెయ్యి పెట్టి చూడాలె, చల్లగా, గట్టిగా ఉంటే అనుమానించాలె. రెండు చేతులు పక్కపక్కన పెట్టి పోల్చాలె. పిల్ల ఉత్తిగనే ఏడుస్తున్నదని అనుకోవద్దు, నొప్పికే ఏడుస్తది. ట్యూబును ఒక మడత వేసి అంటించాలె, గుంజితే మడత సాగుతది గాని సూది రాదు. చుక్కలు పడుతున్నయి గదా అని నమ్మొద్దు. అనుమానం వస్తే చక్రం తిప్పి ఆపి, వెంటనే సిస్టర్‌ను పిలవాలె. "సిస్టర్ కసురుకుంటదేమో అని పిలవకుంట ఉంటరు సార్, కసురుకున్నా పిలవాలె" అన్నది.

ఐ.వి. హౌస్ బొమ్మ ఫోనులో చూపించాను. చాలాసేపు చూసింది. "మేము ఇప్పటికీ చిన్నపిల్లలకు మందుల డబ్బా అట్టనే కోస్తం సార్, గాజుగుడ్డ చుట్టి" అన్నది. తరువాత నవ్వి, కాగితం చాయ్ కప్పు ఒకటి తీసి సగానికి మడిచి తన చేతి మీద బోర్లించి చూసుకున్నది.

మా చెల్లెలికి ఈ వ్యాసం చదివి వినిపించాను, దాని సంగతి గనుక దాని ఇజాజత్ కావాలి. నాలుగేండ్ల కింద దాని చిన్న కొడుకుకు డెంగీ వచ్చి సెలైన్ పెట్టినప్పుడు మూడు రాత్రులు గంటకోసారి లేచి, ఫోను లైటు వేసి, ఆ పొర పట్టీ కింద చూస్తూ కూర్చున్నదట. ఈ సంగతి నాకు ఇంతవరకు చెప్పలేదు. వ్యాసంలో ఒక్కటి మార్చమన్నది. మచ్చ రూపాయి బిళ్ళంత కాదు, పావలా బిళ్ళంత అని. గాజులు పైకి జరిపి చూపించింది. దాని మాటే నిజం, పావలా అంతే ఉన్నది.